పేరుకై పోరు చాలును, నాటి పిల్లల మాట వినుడు

భాద్రపదము వచ్చినదన్న వినాయకుని పందిళ్ళతోబాటు మన పట్టణములలో మఱియొక పందిరి లేచుచున్నది. అది సెప్టెంబరు 17వ తేదికి పేరు పెట్టు పందిరి. విమోచనమని యొకరు, విలీనమని యొకరు, సమైక్యత యని యొకరు, విద్రోహమని వేఱొకరు. 2022వ సంవత్సరమున ఒకే నాడు, ఒకే నగరమున, కేంద్రప్రభుత్వము విమోచన దినమును, రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమును వేర్వేఱు మైదానములలో జరిపినవి. 2024 మార్చిలో కేంద్ర హోముశాఖ ఈ దినమును ఏటేట హైదరాబాదు విమోచన దినముగా జరుపవలెనని ప్రకటించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే రాష్ట్రమందలి క్రొత్త ప్రభుత్వము దానిని ప్రజాపాలన దినోత్సవమనెను. బిడ్డ యొక్కటే, బారసాలలు నాలుగు!

ఈ బారసాలల సందడిలో అడుగవలసిన ప్రశ్నను అడుగువారు కానరాకున్నారు. కావున మేము అడుగుచున్నాము. ఈ వేదికల నెక్కిన పెద్దలలో ఎవరైన నాడు ఒక శివారు గ్రామమునకు పోయి, అరుగుమీద కూర్చున్న ముదుసలి ప్రక్కన తామును కూర్చుండి, “తాతా, ఆ యేడు నీవు పిల్లవాడవు గదా, ఏమి చూచితివి?” యని అడిగిరా? శాలువ కప్పి ఛాయాచిత్రము తీయించుకొన్నవారిని చూచితిమి. గడియసేపు కూర్చుండి విన్నవారిని చూడలేదు.

లెక్క చూడుడు. 1948వ సంవత్సరమున ఇరువదేండ్ల పడుచువాడై యుండినవాడు, నేటికి జీవించియున్నచో, నూఱేండ్లకు చేరువయై యుండవలయును. అట్టివారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. ఆనాడు ఏడెనిమిదేండ్ల పిల్లలై యుండినవారు ఎనుబది దాటి తొంబదివైపు నడచుచున్నారు. ఆ కాలమును కన్నులార చూచినవారిలో మనకు మిగిలినవారు ఈ నాటి పిల్లలే. ఏటేట ఈ సాక్షుల సంఖ్య తగ్గుచున్నది. పేరు నేడు కుదురకున్న రేపు కుదురును. రేపు కుదురనిది సాక్ష్యము.

ఆ కాలమెట్టిదో చదువరులు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. 1947 ఆగస్టు 15వ తేదిని దేశమంతట త్రివర్ణ పతాకమెగిరినను, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను రాజ్యమున దానిని పట్టుట నేరమయ్యెను. ఆగస్టు 7వ తేదినే స్టేటు కాంగ్రెసు ఇండియన్ యూనియనులో చేరవలెనను ఉద్యమమును ఆరంభించియుండెను. సెప్టెంబరు 2వ తేదిని పరకాలలో జెండా పట్టిన జనముపై తుపాకులు ప్రేలి పలువురు ప్రాణములు బాసిరి. నవంబరు 29వ తేదిని నిజాము ఇండియాతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. ఒడంబడిక కాగితముపై నుండగానే కాశిం రజ్వీ రజాకార్లు పల్లెలపై బడిరి. 1948 మార్చిలో హుస్నాబాదు ప్రాంతమున మహమ్మదాపురము గుట్టలయొద్ద అనభేరి ప్రభాకరరావును, సింగిరెడ్డి భూపతిరెడ్డియు, వారి సహచరులును నేలకొరిగిరి. ఆగస్టులో బైరాన్‌పల్లి నెత్తురుమడుగైనది. సెప్టెంబరు 13వ తేదిని భారత సైన్యము సరిహద్దు దాటెను. 17వ తేదికి నిజాము లొంగిపోయెను.

ఇంతవరకు గ్రంథములలో కలదు. చెఱసాలలకు పోయినవారును, తుపాకి పట్టినవారును, శిబిరములు నడిపినవారును వ్రాసిపెట్టిన స్వీయచరిత్రలకు మేము నమస్కరించుచున్నాము. కాని యవి పెద్దలు వ్రాసినవి. ఎక్కడికి పోవలయునో, ఎందుకు పోవలయునో తెలిసినవారు వ్రాసినవి. ఎందుకో తెలియకయే అర్ధరాత్రమున నిద్రలేపబడి, చేయి పట్టుకొని లాగినవైపు నడచిన పసివాని యుద్ధము అందులో లేదు.

అందునను శివారు గ్రామముల పిల్లల సంగతి వేఱు. పట్టణమునకు ఠాణా కలదు, కచేరి కలదు, వకీలు కలడు, ఉర్దూ పత్రికయో గోలకొండ పత్రికయో చదివి వినిపించువాడు కలడు. శివారుకు ఉన్నది బాట మాత్రమే. ఆ బాటను ఎవడు వచ్చినను ముందు శివారుకే వచ్చును. వార్త మాత్రము అందఱికిని చేరిన పిదప వచ్చును. కరీంనగరునుండి జగిత్యాలకు బోవు బాటపై మా కొండగట్టు అట్టి తావు. నేడు జగిత్యాల జిల్లా మల్యాల మండలములో చేరిన యీ గుట్టను అంజన్న కొండగా భక్తులెఱుగుదురు. దాని దిగువనున్న ముత్యంపేట మొదలగు ఊళ్ళ ముదుసళ్ళకు మాత్రము ఆ గుట్ట ఒకప్పుడు దేవునితోబాటు తమ్మును దాచుకొన్న చోటు.

మేము పుట్టునప్పటికి ఆ దినములు గడచి ముప్పదేండ్లు దాటినవి. కాని మేము పెరిగినది ఆ పిల్లలు తల్లులును, తండ్రులును, తాతలును అయిన యిండ్లలోనే. వారి నోట విన్నవానిలో కొన్నిటిని ఇచట చెప్పుచున్నాము. ప్రొద్దుగూకక మునుపే అన్నముడుకునట్లు చూచి, పొగ కనబడకుండ పొయ్యిపై నీళ్ళు చల్లుట. పాతరలోని జొన్నలపై మన్నుగప్పి, దానిపై పశువును కట్టివేయుట. బిడ్డ యేడ్చినచో నలుగురి ప్రాణముపైకి వచ్చునని, బండల సందున దాగిన తల్లి బిడ్డ నోటిలో కొంగు కుక్కుట. ఊరికుక్క మొఱుగుటను బట్టి వచ్చువాడు ఊరివాడో పరాయివాడో పిల్లలు గుర్తించుట. పగటిపూట పిల్లలు ఆడుకొన్న ఆట యేది? జొన్నదంట్లు తుపాకులుగా పట్టి సగముమంది రజాకార్లును, సగముమంది వాలంటీర్లును అగుట. రజాకారుగా నుండుటకు ఎవ్వడును ఒప్పుకొనక చీట్లు వేసికొనెడివారట. తల్లి పాతిపెట్టిన వెండి కడియములు తరువాత ఎంత త్రవ్వినను దొరకలేదని యొక వృద్ధురాలు ఎనుబదేండ్లు దాటిన పిదపను చెప్పుచుండెడిది. కడియములు పోయినందుకు గాదు. పాతిన చోటు చూచినదానవు నీవే గదాయని తల్లి తన్ను అడిగినందుకు.

కొందఱి జ్ఞాపకము అంతకన్న వెనుకకు పోవును. రెండవ ప్రపంచ యుద్ధమునాటి లెవీ ధాన్యపు కొలతయే వారెఱిగిన తొలి యుద్ధము. జర్మనీ యెక్కడ, జగిత్యాల యెక్కడ! అయినను గింజ పోయినది మన గాదెనుండియే. మఱికొందఱు పెద్దపల్లి దారిని రైలెక్కి బల్లార్షా చేరి, చాందాలో స్టేటు కాంగ్రెసువారు నెలకొల్పిన శిబిరపు నీడను దినములు గడిపిరి. ఆ శిబిరమున పి.వి. నరసింహారావుగారు పనిచేసిరని గ్రంథములు చెప్పును. ఆ ప్రక్క సరిహద్దు దాటిన పిల్లవానికి అక్కడి యన్నమెట్లుండెనో, హాలీ సిక్క చెల్లని యంగడిలో వాడేమి కొనుక్కొనగలిగెనో ఏ గ్రంథమును చెప్పదు. ఆదిలాబాదు గోండు గూడెముల పిల్లలకు ఈ కాలము 1948కి ఎనిమిదేండ్లు ముందుగానే, 1940లో జోడేఘాటున కుమురం భీము నేలకొరిగిన నాడే మొదలైనది.

ఇట్లు మేమనగా, “పిల్లల కేమి తెలియును? అవి ముసలమ్మ ముచ్చట్లు” అని పెదవి విఱచు పండితులు కొందఱు కలరు. వారికి మా వృత్తిధర్మమునుబట్టియే బదులు చెప్పెదము. 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము 118వ సెక్షనులో, లేతవయస్సుగాని మిక్కిలి ముసలితనముగాని దానంతటదే సాక్షికి అనర్హత కాదు. అడిగిన ప్రశ్నను గ్రహించి యుక్తమైన బదులు చెప్పగలడా లేదా యన్నదే పరీక్ష. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమునే నిలుపుకొన్నది. మనుష్యుని ప్రాణము తీయదగునా కాదాయని తేల్చు న్యాయస్థానము పిల్లవాని మాట వినుచుండగా, చరిత్రకారుడు వినననుట యేమి పెద్దఱికము?

జ్ఞాపకము తప్పునందురు. నిజమే, తప్పును. తేదీలు తప్పును, వరుస తాఱుమాఱగును, పెద్దలు తరువాత చెప్పినది తాను చూచినట్లే తోచును. అందువలననే ప్రశ్నించు విద్య యొకటి యున్నది. “ఇది నీవు చూచితివా, విన్నావా? చూచినచో ఎక్కడ నిలిచి చూచితివి? ప్రక్కన ఎవరుండిరి? జొన్న కోతకు ముందా, తరువాతనా?” అని అడుగుడు. ఇద్దఱిని వేఱువేఱుగా అడిగి రెండు మాటలను పోల్చుడు. కచేరి కాగితములతో సరిచూడుడు. కాగితము మాత్రము తప్పదా? ఆనాటి ఠాణా కాగితము వ్రాసినవా డెవడు? ఎవని భయమున, ఎవని జీతమున వ్రాసెను? కాగితమునకు లేని అనుమానము ముదుసలి నోటికే యేల?

ప్రపంచ మీ పనిని ఎన్నడో చేసినది. హిరోషిమాలో అణుబాంబు పడిన నాటి పిల్లల వ్రాతలను ఒసాదా అరాతా అను విద్యావేత్త 1951లోనే గ్రంథముగ ప్రకటించెను. జర్మను దాడిలో బెలారుసు పిల్లలు చూచినదానిని, వారు పెద్దవారైన పిదప వెదకి విని, స్వెత్లానా అలెక్సియేవిచ్ 1985లో “చివరి సాక్షులు” అను పుస్తకముగ కూర్చెను. ఆమెకు 2015లో నోబెలు బహుమానము వచ్చినది. బ్రిటనులో బి.బి.సి. సంస్థ 2003 మొదలు 2006 వఱకు సామాన్యుల యుద్ధస్మృతులను 47,000 వఱకు పోగుచేసినది. పంజాబు, బెంగాలు విభజన చూచినవారి మాటలను పదివేలకు మించి ఒక స్వచ్ఛంద సంస్థ పదిలపఱచినది. పంజాబు ముదుసలి మాటకున్న విలువ కరీంనగరు ముదుసలి మాటకు లేదా?

ఇక రెండవ యాక్షేపణ. “మానిన పుండును రేపుట యెందుకు? పిల్లల జ్ఞాపకములు త్రవ్వినచో మతద్వేషము లేచును” అందురు. ఈ మాటలో భయము కలదు. అది తోసివేయదగిన భయము కాదు. కాని మందు వారు చెప్పునది కాదు. ద్వేషమును లేపునది సగము కథ. మొత్తము కథ ద్వేషమునకు పనికిరాదు. రజాకార్ల దౌర్జన్యమును ధిక్కరించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో నఱకబడిన ఇమ్రోజ్ పత్రికాధిపతి షోయబుల్లాఖాను ముసల్మాను గాడా? సైన్యము వచ్చిన పిదప ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముసల్మాను కుటుంబములపై బడిన ఆపదను విచారించుటకు భారతప్రభుత్వమే పండిత సుందరలాలుగారిని, ఖాజీ అబ్దుల్ గఫారుగారిని పంపెను. మృతుల సంఖ్య రాజ్యమంతటను 27,000 మొదలు 40,000 వఱకు ఉండునని వారి యంచనా. ఆ నివేదిక దశాబ్దములు బీరువాలో నిద్రించెను. ఆ జిల్లాలలో ఏడేండ్ల ముసల్మాను బాలుడు చూచినదియు యుద్ధమే. మన గుట్టమీద బండల సందున దాగిన బాలుడు చూచినదియు యుద్ధమే. ఒకని మాట వ్రాసి రెండవవాని మాట చింపువాడు చరిత్రకు సేవ చేయుట లేదు, తన వేదికకు తోరణము కట్టుకొనుచున్నాడు.

మఱియొక సంగతి. 17వ తేదితో యుద్ధము ముగిసినదని పంచాంగము చెప్పును. సాయుధ పోరాటము సాగిన తావుల పిల్లల నడుగుడు. నిజాము పోలీసు పోయిన బాటనే సైన్యము వచ్చెను. పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడువఱకు ఆ యూళ్ళలో రాత్రి తలుపు తట్టినచో తీయవలయునా కూడదాయని పిల్లవానికి తెలియలేదు. గాలిపల్లిలో పుట్టిన బద్దం ఎల్లారెడ్డిగారివంటి నాయకుల చరిత్ర గ్రంథస్థమైనది. ఆ నాయకులకు అన్నము మోసికొనిపోయిన పిల్లల పేరులు గ్రంథస్థము కాలేదు. విమోచనమనువారికి ఈ మూడేండ్లు అడ్డము. విద్రోహమనువారికి అంతకు ముందటి యేడు అడ్డము. పిల్లవానికి మాత్రము ఏదియు అడ్డము లేదు, వాడు మొత్తము చూచినాడు. అందువలననే వాని మాటన్న అందఱికిని జంకు.

తెలంగాణోద్యమమున వీధులలో నిలిచిన వేలకొలది స్వచ్ఛంద సేవకులలో మేమును ఉంటిమి. 2011లో సకలజనుల సమ్మె సాగిన దినములలో ప్రతి సభలోను ఒక మాట వినబడెడిది: “మన రాష్ట్రము మనకు వచ్చినచో మన చరిత్ర మనము వ్రాసికొందుము.” 2014 జూన్ 2వ తేదిని రాష్ట్రము వచ్చినది. ఉద్యమకాలమున సెప్టెంబరు 17ను అధికారికముగ జరుపవలెనని గర్జించిన పెద్దలే గద్దె యెక్కిన పిదప ఎనిమిదేండ్లు దాని యూసెత్తలేదు. కేంద్రము ముందుకు వచ్చిన యేడు వీరికిని జ్ఞప్తి వచ్చినది! తరువాతి ప్రభుత్వమైనను పేరు మార్చుటతో తృప్తి చెందినది. పాలకుల రంగులు మాఱినవి. వినుటకు మాత్రము ఎవ్వరును కూర్చుండలేదు. చరిత్ర వ్రాసికొనుట యనగా విగ్రహములు నిలుపుటయేనా?

కావున మేము కోరునది చెప్పుచున్నాము. ఇది దుస్సాధ్యమైన పని కాదు. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు సెస్సు మనము కట్టుచున్నాము. జిల్లా గ్రంథాలయ సంస్థలు పేరునకు కలవు. ఒకనాడు నిజాము రాజ్యమున సభ జరుపుకొనుటకు గస్తీ నిషానీ 53 అడ్డము నిలిచినప్పుడు, తెలుగువారి చైతన్యమును కాపాడినవి గ్రంథాలయములే. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలు పల్లెపల్లెన లేచిన పఠనమందిరములు ఆ పని చేసినవి. 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ సిరిసిల్లలో జరిగినది మన జిల్లాలోనే. ఆ వారసత్వము మనదైనచో నేటి గ్రంథాలయములు ఒక పని చేపట్టుగాక. ఎనుబది దాటిన ప్రతి వృద్ధుని, ప్రతి వృద్ధురాలిని వెదకి, వారు పిల్లలైయుండగా చూచినదానిని వారి మాటలలోనే పదిలపఱుచుటయే ఆ పని.

ఎట్లు చేయవలయునో కూడ మనవి చేసెదము. ఇంటికి పోయి వినవలయును, వారిని సభకు ఈడ్వరాదు. బదులు నోటికందించు ప్రశ్న వేయరాదు. ఆడువారిని ప్రత్యేకముగ, మగవారు లేనప్పుడు అడుగవలయును. పాతర జాడ, నగల జాడ, ఆకలి జాడ వారికే యెక్కువ తెలియును. వెట్టిచేసిన యిండ్లవారిని, ముసల్మానులను, గోండులను, పటేలు పట్వారీల యిండ్లవారిని అందఱిని అడుగవలయును. వారి భాషను దిద్దరాదు. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమములోనే చదువుకొని, తెలుగున జ్ఞానపీఠమును పొందినారు. బడిలో ఒక భాష, ఇంట ఒక భాషగా పెరిగిన ఆ తరమువారి నోట ఉర్దూ, తెలుగు, మరాఠీ పలుకులు కలిసియే వచ్చును. ఆ కలియికయే వారి కాలమునకు గుర్తు. అది చెఱిపి పాఠ్యపుస్తకపు తెలుగు పెట్టినచో సాక్ష్యము పోయి వ్యాసము మిగులును. చెప్పిన మాటను చెప్పినవారికే చదివి వినిపించి ఒప్పించుకొనవలయును. ప్రకటింపవలదన్నచో ప్రకటింపరాదు. ప్రతులను గ్రంథాలయమున ఒకటి, రాష్ట్ర ప్రాచీన పత్రాగారమున ఒకటి, ఆ యూరి బడిలో ఒకటి ఉంచవలయును. ఏ పక్షపు వేదికకును వానిని అరువీయరాదు.

ప్రభుత్వము చేయుదాక ఆగుదమా? వలదు. ఎనుబదియైదేండ్లవానిని వచ్చే బడ్జెటుదాక ఆగుమనుట ధర్మము కాదు. ప్రతి తాలూకా కచేరిలోను యువక వకీళ్ళు కలరు. ప్రశ్నించుట వారి విద్య. ప్రతి యూర ఉపాధ్యాయులు కలరు. వ్రాయుట వారి విద్య. ప్రతి విద్యార్థి జేబులోను మాట పట్టు యంత్రము కలదు. మన పఠనమందిరములలో నిత్యము పత్రిక చదివి దేశమును గూర్చి వాదించు మిత్రులకు ఒక్క విన్నపము. వచ్చు ఆదివారము వాదము మానుడు. మీ వీధిలోని పెద్దలలో ఒకరి యింటికి పొండు. విమోచనమా విలీనమాయని వారిని అడుగకుడు. “అవ్వా, ఆ రాత్రి మీరెక్కడ పడుకొంటిరి?” అని అడిగి, బదులు ముగియువఱకు నోరు మెదపక వినుడు.